వంకర క్యారియరు

నన్ను చూస్తే బుల్లెట్లకు నవ్వు. 49 సీసీల ఇంజను, సైకిలుకు ఉన్నట్టు రెండు పెడళ్లు. దీన్నీ మోటారు బండి అంటారా అని వాటి నామోషీ. అననీ. అవి పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ తిరిగిన రోజుల్లో నేను పనికి తిరిగాను.

మా మూలం ఫ్రాన్సు. మోటోబెకాన్ అనే కంపెనీ 1949లో మోబిలెట్ అని ఓ చిన్న బండి తీసింది. మొత్తమ్మీద కోటికి పైగా అమ్మారు. ఆ నమూనాతో తిరుపతిలో మోపెడ్స్ ఇండియా వాళ్లు 1960లలో సువేగాలు తయారుచేశారు. వాటిలో నేనొకదాన్ని. పుట్టుక గురించి ఇంతకన్నా చెప్పను, అదేమంత గొప్ప విషయం కాదు.

నన్ను మొదట కొన్నది ఓ పశువుల ఆసుపత్రి కాంపౌండరు. చంద్రగిరి చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయనవే. అర్ధరాత్రి ఆవు ఈనలేక అవస్థ పడుతోందని కబురొస్తే, మందుల సంచీ క్యారియరుకు కట్టి, స్టాండు మీదే పెడళ్లు గబగబా తొక్కి నన్ను లేపేవాడు. భాకరాపేట కనుమ ఎక్కేటప్పుడు నాకు ఆయాసమొచ్చేది. అప్పుడు ఆయనే పెడలు తొక్కి సాయం చేసేవాడు. యజమానీ బండీ కలిసి చెమటోడ్చడం బుల్లెట్లకేం తెలుసు? ఆయనకు ఇంకో మంచి గుణం ఉండేది. నాలాంటి టూస్ట్రోకు ఇంజనుకు విడిగా ఆయిలు పోసే చోటు ఉండదు, పెట్రోల్లో కలిపిన ఆయిలే లోపల బేరింగులకూ పిస్టనుకూ తడి. ఆయన దాన్ని మందు కొలిచినట్టే కొలిచి పోసేవాడు. ఏడాదికోసారి సైలెన్సరు విప్పి, మంటలో కాల్చి, మసి దులిపేవాడు.

బదిలీ అయ్యి వెళ్తూ నన్ను ఒక పాల వ్యాపారికి అమ్మేశాడు. ఇక అప్పటి నుంచి నా కష్టాలు మొదలు.

అటొక క్యాను, ఇటొక క్యాను, వెనకాల ఇంకోటి. క్యారియరు ఎడమపక్కకి వంగిపోయింది. బరువు మోయడం నాకు తప్పుగా అనిపించలేదు, అందుకే పుట్టాను. ఆయిలు దగ్గర కక్కుర్తి పడ్డాడు చూడండి, అది మాత్రం క్షమించను. పొగ ఎక్కువొస్తోందని ఒక వంక, పాలకు వాసన పడుతోందని ఇంకో వంక. ఓ ఎండాకాలం మధ్యాహ్నం నడిరోడ్డులో పిస్టను పట్టేసింది. చక్రం బిగుసుకుని, మనిషి ఒకవైపు, పాలు ఒకవైపు. ఆయన లేచి నన్ను కాలితో తన్నాడు. బోరు చేయించి ఇంకొన్నాళ్లు తిప్పాడు కానీ, 1980లో ఇద్దరెక్కే టీవీఎస్ 50 రాగానే ఆయన మనసు అటు మళ్లింది.

ట్యాంకులో ఉన్న పెట్రోలైనా వంపకుండా పశువుల పాకలోకి తోసేశాడు. ఆ పెట్రోలు ఆవిరై, మిగిలింది బంకలా కార్బురేటరు నిండా గడ్డకట్టింది. టైర్లలో గాలి పోయింది. వాన కురిసినప్పుడల్లా పాక చూరు నీళ్లు సరిగ్గా నా ప్లగ్గు మీదే. సీటును ఎలుకలు తిన్నాయి. ముందు లైటు ఎవరో విప్పుకుపోయారు, ఎవరన్నది నాకు తెలుసు, చెప్పి లాభమేంటి? పిల్లలు నా మీదెక్కి నోటితో బుర్రుమంటూ ఊళ్లు తిరిగొచ్చేవాళ్లు. ఆ ఇంట్లో నన్ను ఇంకా బండి అనుకున్నది వాళ్లే. పెద్దలకు నేను మేకను కట్టేసే గుంజను. పాత ఇనుము కొనేవాడు వచ్చి కేజీ లెక్కన అడిగితే, మేకను ఎక్కడ కట్టాలన్న ప్రశ్నొచ్చి బేరం ఆగింది. అలా ఒక మేక నా ప్రాణం కాపాడింది.

చివరికి మామిడికాయల కోసం ఆ ఊరొచ్చిన ఓ పళ్ల డాక్టరు కంట పడ్డాను.

"దీన్నేం జేసుకుంటారు సార్? ఇనుముగ్గూడా పనికి రాదు," అన్నాడు పాల వ్యాపారి కొడుకు.

"ఊరికేనేనన్నా, సెలవల్లో బాగుచేసుకుంటా," అన్నాడు డాక్టరు. ఇంట్లో వెతికితే పాత ఆర్‌సీ పుస్తకం కూడా దొరికింది. అది లేకపోతే ఇప్పుడు నేను ఎవరినో నేనే రుజువు చేసుకోలేను.

తిరుపతిలో ఓ ముసలి మెకానిక్ ఉన్నాడు, మా జాతి బళ్లు ఎన్నో విప్పిన చెయ్యి. పిస్టను మీద డీజిలు పోసి రోజుల తరబడి నానబెట్టాడు. డాక్టరు సుత్తి తీస్తే చేతిలోంచి లాక్కున్నాడు. ట్యాంకులో నిమ్మ ఉప్పు నీళ్లూ నట్లూ పోసి గిలకొట్టి తుప్పు దింపారు. కార్బురేటరు డాక్టరు క్లినిక్కుకు పోయి, ఆయన పనిముట్లు కడిగే అల్ట్రాసోనిక్ తొట్టిలో స్నానం చేసి వచ్చింది. జెట్టులో తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై ఇంజను పెట్రోలు తెగ తాగుతుంది, అందుకని. పిస్టను రింగుల కోసం చెన్నై పుదుప్పేట సందులన్నీ గాలించారు. బెల్టు మాత్రం ఫ్రాన్సు నుంచే పార్సిల్లో వచ్చింది. అక్కడ మా వాళ్ల సామాన్లు ఇంకా చేస్తున్నారట. చుట్టాల నుంచి ఉత్తరం అందినట్టయింది.

డాక్టరుకు మొదట మెరిసే ఎర్రరంగు వేయించాలని ఉండేది. ట్యాంకు అడుగున గీకితే బయటపడ్డ పాత రంగు చూపించి మెకానిక్ ఆ సరదా మాన్పించాడు. క్యారియరు వంకర కూడా తీయనివ్వలేదు. అందులో చరిత్ర ఉందట! నన్నడిగితే ముందు అదే సరిచేయమనేదాన్ని. ఆ చరిత్ర మోసింది నేను. దాని నొప్పి నాకు తెలుసు.

నేను మళ్లీ కూసిన రోజు వీధంతా నీలి పొగ. మెకానిక్ కళ్లు తుడుచుకున్నాడు. పొగ వల్లే అని ఆయన అన్నాడు కాబట్టి నేనూ అలాగే అంటాను.

ఇక అసలు తమాషా. 50 ఏళ్లు దాటిన బళ్లకు కేంద్రం 2021లో వింటేజ్ నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషనుకు 20 వేల రూపాయలు, ఆపైన మళ్లీ చేయించుకుంటే 5 వేలు. నన్ను కొత్తగా కొన్నప్పుడు కాంపౌండరు అంత డబ్బు ఒక్కచోట చూసి ఉండడు. పైగా ఆ హోదా వచ్చాక రోజువారీ పనులకు రోడ్డెక్కకూడదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, రిపేరుకూ, పెట్రోలుకూ మాత్రమే. పని తప్ప మరోటి ఎరగని నాకు పని చేయకపోవడమే గౌరవమని సర్కారు చెప్పింది. మొన్న ప్రదర్శనకు నన్ను ఆటో ట్రాలీలో ఎక్కించి, తాళ్లతో కట్టి తీసుకెళ్లారు. పక్కనే నిలబెట్టిన బుల్లెట్టు నడిచే వచ్చింది. దాని ముందు నా పరువేం కావాలి?

డాక్టరు మాత్రం చట్టాన్ని శ్రద్ధగా చదివాడు. పెట్రోలుకు వెళ్లొచ్చని ఉంది కానీ, ఏ బంకుకు వెళ్లాలో అందులో రాయలేదు. అందుకే తిరుపతిలో ఇన్ని బంకులుండగా, ఆదివారం పూట ఆయనకు చంద్రగిరి అవతల బంకే నచ్చుతుంది. తిరిగొచ్చేటప్పుడు వంకర క్యారియరు మీద ఓ మామిడికాయల సంచీ కూడా ఉంటుంది.