రాజుగారి అప్పు, క్యాబేజీ ఆకు

గెలిచిన రాజు ఇంటికి ఏనుగుల్నీ వజ్రాల్నీ తెస్తాడు. ఓడిన రాజు అప్పులవాళ్ళని తెస్తాడు. స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ రెండో రకం. 1709లో పోల్టావా దగ్గర రష్యా పీటర్ చేతిలో చావుదెబ్బ తిని, ఒట్టోమన్ సుల్తాను రాజ్యంలో బెండర్ అనే ఊరు చేరి తలదాచుకున్నాడు. చుట్టం ఐదు రోజులుంటేనే మనకి పంచదార డబ్బా అడుగు కనిపిస్తుంది. ఈయన పరివారంతో సహా ఐదేళ్ళున్నాడు. ఆ ఖర్చుకి దొరికినచోటల్లా అప్పు చేశాడు. 1714లో స్వదేశానికి బయల్దేరాక, బాకీ వసూలుకని అప్పులిచ్చినవాళ్ళు కూడా వెనకే వెళ్ళి స్వీడన్‌లో మకాం పెట్టారు. ద్రాక్షాకుల్లో కీమా చుట్టి వండే డోల్మా కూడా అలా వచ్చిందేనని ఇక్కడ చెప్పుకుంటారు.

ఈ చలిలో ద్రాక్ష తీగ ఎక్కడ పాకుతుంది? అందుకని ఆకు మారింది. కైసా వార్గ్ అనే ఆవిడ రాసిన వంటల పుస్తకం 1765 నాటి కూర్పులోనే డోల్మా ఉంది. ద్రాక్షాకు స్థానంలో క్యాబేజీ ఆకు కుదురుకుని, అది కోల్‌డోల్మార్ అనే అచ్చమైన స్వీడన్ ఇంటి వంటైపోయింది.

స్టాక్‌హోమ్‌లో మా ఇంట దీన్ని వండే బాధ్యత నాది. క్యాబేజీ అడుగున గట్టి కాడ తొలిచేసి, గడ్డ మొత్తాన్ని ఉప్పునీళ్ళలో ఉడికిస్తూ ఆకులు ఒక్కొక్కటే విడదీయాలి. ఉమ్మడి కుటుంబంలాగే పైవాళ్ళు తొందరగా వేరుపడతారు, లోపలివాళ్ళు పెద్దమనుషులు కూర్చుంటే తప్ప కదలరు. ఆకు మధ్య ఈనె చెక్కకపోతే మడత మాట వినదు. లోపలికి కీమా, అన్నం, గుడ్డు, ఉల్లిపాయ, ఉప్పు. తెల్ల మిరియాల పొడి చిటికెడు పడితే ఇక్కడివాళ్ళ లెక్కలో మసాలా అయిపోయినట్టే. చుట్టినవాటిని వెన్నలో వేయించి, తీపి సిరప్ రాసి ఓవెన్‌లో పెడతారు. ఉడికించిన బంగాళాదుంపలు, గ్రేవీ, లింగన్‌బెర్రీ జామ్‌తో తింటారు.

"కీమాకి జామేంటి బాబూ! అది జ్వరమొచ్చిన పిల్లాడికి రొట్టె మీద రాసిచ్చేది కదా!" అన్నారు మా అత్తయ్యగారు.

ఆవిడ పర్యవేక్షణలో అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, ధనియాల పొడి, గరం మసాలా లోపలికి చేరాయి. గొర్రె కీమా కోసం టర్కీవాళ్ళ కొట్టుకి వెళ్తే, డోల్మా మాదేనని కొట్టతను ఒట్టేసి చెప్పాడు. అజర్‌బైజాన్ డోల్మా సంప్రదాయాన్ని 2017లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. అది తమదేనని ఆర్మేనియావాళ్ళు మండిపడతారు. ఆకు చిన్నదే కానీ సరిహద్దు తగాదా పెద్దది.

ఇక్కడి తగాదా ఇంకో రకం. చార్లెస్ 1718 నవంబర్ 30న నార్వే కోట ముట్టడిలో గుండు తగిలి చచ్చిపోయాడు. పరాయివాళ్ళు మాకొద్దనే జాతీయవాదులు ఆ తేదీన ఆయన పేరిట ఊరేగేవారు. మీ వీరుడి పేరు చెప్పుకుని మేం తింటున్నది పరాయి వంటేనంటూ, మిగతావాళ్ళు అదే తేదీని కోల్‌డోల్మార్ దినం చేసేశారు. ఉపన్యాసానికి ఉపన్యాసంతో జవాబిస్తే ఎవరు వింటారు? ప్లేటుతో ఇస్తే కనీసం నోరు కాసేపు మూసుకుంటుంది.

కథంతా విని అత్తయ్యగారు ఆశ్చర్యపోయారు. "ఐపీ పెట్టి చేతులు దులుపుకోకుండా, అప్పులవాళ్ళని తన ఊరు రానిచ్చాడా? ఎంత మంచి రాజు బాబూ!"

ఆ ఏడు నవంబర్ 30 సరిగ్గా కార్తీక మాసంలో పడింది. ఆవిడ వాసన చూసి ఉప్పు సరిపోయిందని చెప్పారే తప్ప కీమా ముట్టలేదు. "నా వాటా ఫ్రీజర్‌లో పెట్టి అప్పు రాసుకోండి. మాసం వెళ్ళిన మర్నాడు వసూలు చేసుకుంటాను" అన్నారు.

అన్నమాట ప్రకారం చేసుకున్నారు. వడ్డీ కింద నా వాటా కూడా జమ కట్టుకున్నారు.