తుడుపు గుడ్డ ఆత్మకథ

నేను, నాది అనడం గుడ్డల జాతికి అలవాటు లేదు. ఎవరి చేతికి దొరికితే వాళ్ల సొత్తు. కాబట్టి ఈ కథలో నాయికను ‘ఈ గుడ్డ’ అనే పిలవాలి. నివాసం కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్. ఉద్యోగం కార్ల అద్దాలు తుడవడం.

పత్తిచేనుతో దీనికి చుట్టరికం లేదు. ఒంట్లో 80 పాళ్లు పాలిస్టర్, 20 పాళ్లు నైలాన్. రెండింటినీ కలిపి ఒకే పోగుగా తీసి, ఆ తర్వాత చీలుస్తారు. చీలిన పోగును అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే విడదీసిన బత్తాయి తొనల్లా కనిపిస్తుంది. ఆ తొనల అంచులు మురికిని గీకి పట్టుకుంటాయి, మధ్య సందులు నీటిని తాగేస్తాయి. ఎంత సన్నని పోగంటే, 9 కిలోమీటర్ల పొడవు తూచినా ఒక గ్రాము తూగదు. వంశంలో పేరున్న పెద్దలు జపాన్‌లో ఉన్నారు: 1970లో టోరే సంస్థ శాస్త్రవేత్త మియోషి ఒకమొటో ఇలాంటి అతి సన్నని పోగులతోనే స్వెడ్ తోలును పోలిన బట్ట తయారుచేశాడు. వాళ్లు సోఫాల మీదికి, కోట్లలోకి వెళ్లారు. ఈ గుడ్డ బకెట్లోకి వచ్చింది.

బకెట్లో ఉండేది బోరు నీళ్లు. గీతల కథ అక్కడే మొదలవుతుంది. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. అద్దం మీద నీరు ఆవిరైపోతుంది, లవణం మాత్రం తెల్లటి మచ్చగా కూర్చుంటుంది. పోవట్లేదని షాంపూ ఇంకాస్త పోస్తే, మిగిలిపోయిన షాంపూ మరో పొర కడుతుంది. ఎండలో నిలిపిన కారైతే చెప్పనక్కర్లేదు. అద్దం వేడికి, గుడ్డ వెనక్కి వచ్చేలోపే నీళ్లు ఆరి చారలు దిగుతాయి. చివరి చుట్టుకు చెంబెడు ఆర్‌వో నీళ్లు వాడి, వెంటనే పొడిగుడ్డతో లాగేస్తే సగం తగాదా ఉండదు. ముదిరిన సున్నం మచ్చకు నీళ్లు కలిపిన వెనిగర్ చాలు.

రెండో అంతస్తు సారు ఒకరోజు కిందికి దిగి నిలదీశాడు. “ఏంటయ్యా, నెలనెలా డబ్బులిచ్చేది గీతలు గీయడానికా? రాత్రి ఎదురు బండి లైటు పడితే రోడ్డే కనపడట్లేదు.”

“బయట ఎంత తుడిచినా గది పోదు సార్. లోపలుంది. తాళం ఇస్తే తుడుస్త,” అన్నాడు కార్లు తుడిచే ఆయన.

తాళం ఎవరిస్తారు? తెల్లారకముందే వచ్చి కార్లు తుడిచేవాళ్లకు కారు బయటి భాగమే అప్పగింత. లోపలి అద్దం యజమాని ఖాతా. ఆయన దాన్ని ముట్టడు. ఎండకు కాగిన డాష్‌బోర్డు ప్లాస్టిక్‌ లోంచి దాన్ని మెత్తగా ఉంచే రసాయనాలు కొంచెం కొంచెంగా ఆవిరై, ముందద్దం లోపలివైపు జిడ్డు పొరగా పేరుకుంటాయి. పగలు కనిపించదు, రాత్రి లైట్లు పడగానే మసక కమ్ముతుంది. నింద మాత్రం బయట తుడిచినవాడి మీద.

ఈ పంచాయితీ తీర్చే ఉపాయం ఒకటుంది. బయట పైనుంచి కిందికి తుడవాలి, లోపల అడ్డంగా తుడవాలి. నిలువు గీత మిగిలితే బయటి తప్పు, అడ్డగీత మిగిలితే లోపలిది. వాదన అక్కర్లేదు. వెనకద్దానికీ ఇదే లెక్క సరిపోతుంది: లోపలివైపు వేడి తీగలు అడ్డంగానే ఉంటాయి, వాటి వెంబడే తుడవాలి. పక్క అద్దాలను రెండు వేళ్లు కిందికి దింపి ముందు పై అంచు తుడవాలి. రబ్బరులో దాక్కున్న మురికి గీతంతా ఆ అంచునే ఉంటుంది. లోపల స్ప్రేను గుడ్డ మీదే కొట్టాలి, అద్దం మీద కొడితే సగం డాష్‌బోర్డుకే పోతుంది.

సారు తాళం ఇచ్చాడు, చూస్తూ పక్కనే నిలబడ్డాడు. ఒక గుడ్డతో తడిగా, ఇంకో గుడ్డతో పొడిగా. మొదటి విడతకే గుడ్డ బూడిదరంగుకు తిరిగింది. సారు ఏమీ అనలేదు, ఫోన్ చూసుకున్నాడు.

ఇక ఈ గుడ్డ సొంత పతనం. మూడో అంతస్తు అమ్మగారు జాలిపడి దీన్ని వాషింగ్ మెషీన్లో తువ్వాళ్లతో కలిపి వేసి, సువాసన కోసం ఫాబ్రిక్ కండిషనర్ పోసింది. తువ్వాళ్ల నూగంతా తొనల సందుల్లో ఇరుక్కుంది, కండిషనర్ పోగులకు పూతలా అంటుకుంది. మల్లెపూల వాసనతో తిరిగొచ్చి ఏ అద్దం తాకినా చారే. మామూలు సబ్బు పొడితో, విడిగా ఉతికితే చాలనే విషయం ఎవరికీ తోచలేదు. మర్నాడే దీన్ని టైర్లకు బదిలీ చేశారు.

దాని స్థానంలో కొత్త నీలం గుడ్డ ప్యాకెట్ వచ్చింది. కొత్తది మొదట నూగు రాలుస్తుంది, ఒకసారి ఉతికాకే పనిలోకి దింపాలి. ఆయన ప్యాకెట్ చించి నేరుగా సారు ముందద్దం మీద పెట్టేశాడు. అద్దం నిండా నీలం నూగు. లిఫ్ట్ తలుపు తెరుచుకుంది, సారు వస్తున్నాడు.