కూలేదాకా కలిసికట్టుగా

ముంబైలో పాత మేడ బాగుచేయడానికి సిమెంటూ ఇనుమూ కావాలనుకునేవాడు ఆ ఊరికి కొత్త. అక్కడ కావలసింది సహకారమట. దానికేం కరువు? యజమాని, అద్దెదారు, సర్కారు, బిల్డరు నలుగురిదీ ఒకే మాట: ఖర్చు మిగతా ముగ్గురిది.

1947 చట్టం అద్దెల్ని 1940 దగ్గరే కట్టిపడేసింది. ఆ డబ్బుతో గోడకు సున్నం సంగతి దేవుడెరుగు, యజమాని తమలపాకుకు సున్నమూ రాదు. అందుకని ఆయన పగుళ్లవైపు చూడడు. పరాయి ఇల్లు మనకెందుకని అద్దెదారూ చూడడు. అదే గదిని పగ్డీ మీద, అంటే అద్దె హక్కుకు ఏకమొత్తం పుచ్చుకుని, లక్షలకు చేతులు మార్చే రోజున మాత్రం అది అద్దెదారు తాతగారి ఆస్తి. యజమానికి అందులో వాటా ముడుతుంది కాబట్టి ఆ పూట ఇద్దరూ అన్నదమ్ములే.

1969 చట్టంతో సర్కారు సెస్సు వేసి మరమ్మతుల బోర్డు పెట్టింది. ఏటా వానలకు ముందు ప్రమాదకర భవనాల జాబితా వస్తుంది. భవనాల మాటెలా ఉన్నా, జాబితా మహా దిట్టంగా ఉంటుంది. తాత్కాలికమని ట్రాన్సిట్ క్యాంపుకు వెళ్లినవాళ్లు దశాబ్దాలు అక్కడే కాపురం చేశారు.

1986లో ఇంకో మెలిక. 70 శాతం అద్దెదారులు సంఘం కట్టి అడిగితే, నెలద్దెకు నూరు రెట్లిచ్చి సర్కారు భవనం తీసుకుని వాళ్ల చేతిలో పెట్టొచ్చు. యజమానులు కోర్టుకెక్కారు. 1992లో సుప్రీంకోర్టు చేరిన వివాదంలో 2024 నవంబరుకు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక సంగతి తేల్చారు: రాజ్యాంగం ప్రకారం ప్రతి ప్రైవేటు ఆస్తీ సమాజపు వనరు కాదట. పాపం, గోడలకు రాజ్యాంగం తెలియదు. భిండీ బజార్ హుసేనీ బిల్డింగ్ 2017లోనే కూలి ముప్పైమందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. అప్పటికే అది పునర్నిర్మాణ పథకంలో ఉంది. కొందరు ఖాళీ చేశారు, కొందరు ఉండిపోయారు.

బిల్డరుగారిది నిఖార్సైన ప్రేమ. మేడ మీద కాదు, దాని స్థానంలో లేవబోయే అంతస్తుల మీద. సంతకాలు పడేవరకు మిఠాయిలు. మేడ నేలమట్టమయ్యాక బయటి అద్దెకు ఆయనిచ్చే చెక్కు కొన్నాళ్లు వస్తుంది, తర్వాత ఫోను కూడా ఎత్తరు.

పునర్నిర్మాణానికి ఇప్పుడు కామాఠిపుర వంతు. తెలుగు నేల నుంచి వలస వెళ్లి ఆ నగరాన్ని కట్టిన కూలీల పేరే ఆ పేటకు మిగిలింది. యజమానికి ఇంత, అద్దెదారుకు ఇన్ని చదరపు అడుగులని లెక్కలు వేస్తున్నారు. ఆ అద్దెదారు దగ్గర మంచం మేర చోటు బాడుగకు తీసుకున్నవాడి సంతకం ఎవరికీ అక్కర్లేదు, కాగితాల్లో వాడు లేడు. పైకప్పు పెచ్చులకు మాత్రం వాడి అడ్రసు కరెక్టుగా తెలుసు.