అడగ్గానే చెప్పిన అమ్మ

పల్నాడులోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ప్రార్థన అయ్యాక సైబర్ భద్రత మీద గంటసేపు పాఠం జరిగింది. వచ్చిన ఎస్సై పిల్లల్ని భయపెట్టకుండా చెప్పారు. అలా చెప్పేవాళ్లు తక్కువ.

"ఫొటో బయటపెడతానని ఎవడైనా బెదిరిస్తే తప్పు వాడిది, మీది కాదు. ఇంట్లో చెప్పండి. చెప్పుకోలేకపోతే 1098కి చేయండి. డబ్బు పోతే మాత్రం ఆ క్షణమే 1930. దొంగ ఆ సొమ్మును ఖాతాల మీదుగా దాటించి డ్రా చేసేలోపే ఆపాలి. గంటలు గడిస్తే కష్టం."

చివర్లో, "ఓటీపీ ఎవరికి చెప్పొచ్చు?" అని అడిగారు. పదో తరగతి పిల్ల ఒకతె లేచి, "ఎవరికీ చెప్పకూడదు సార్. మా సారు అడిగినా సరే" అంది. అందరిచేతా చప్పట్లు కొట్టించారు.

ఆ రాత్రి ఆ పిల్ల అన్నం తింటూ, పత్తి తీతకు వెళ్లే తల్లికి అదే పాఠం చెప్పి, రెండుసార్లు అప్పజెప్పించుకుంది.

అదే వారంలో ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు చివరి రోజు వచ్చింది. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. నిరుటి డబ్బు పిల్ల ఖాతాలోనే ఉంది, ఇంటర్ ఫీజుకని ముట్టుకోలేదు. దరఖాస్తుకూ, ఆ ఖాతాకూ తల్లి ఫోన్ నంబరే.

దరఖాస్తు నింపుతున్న సారు, చేలో ఉన్న తల్లికి ఫోన్ చేశారు.

"ఓటీపీ వచ్చుంటుంది, చదువమ్మా."

"చెప్పకూడదంట సార్. మా పాప చెప్పింది."

సర్వర్ మొరాయిస్తోంది, ఇంకా చాలా దరఖాస్తులు మిగిలి ఉన్నాయి. ఆయన ఇబ్బంది నిజమే. కానీ ఫోన్ సొంతదారును ముందే బడికి పిలిచి, ఆమె ఎదుటే నింపితే పది నిమిషాల పని. పిల్లలకు చెప్పిన జాగ్రత్తను ముందు పాటించాల్సింది బడే. ఆయన మాత్రం, "మీ మంచికి అడిగితే నన్నే దొంగను చేస్తారా!" అని కేకలేసి, పిల్లను తరగతి బయట నిలబెట్టారు. సంగతి తెలిసి తల్లి తనే ఫోన్ చేసి, అంకెలన్నీ చదివింది. పిల్లను లోపలికి రానిచ్చారు.

తర్వాతి వారం పిల్ల బడి నుంచి వచ్చి అమ్మ ఫోన్ చూసింది. బ్యాంకు మెసేజ్ ఉంది. వెంటనే 1930కి చేసి, అడిగిన వివరాలన్నీ తడబడకుండా చెప్పింది. అప్పుడు సాయంత్రం ఐదు. డబ్బు పోయింది పొద్దున పదింటికి.

"ఎవరికీ చెప్పొద్దన్నాగా అమ్మా!"

"స్కూలు నుంచి, స్కాలర్‌షిప్ గురించి అన్నాడు తల్లీ. మళ్లీ నిన్ను బయట నిలబెడతారేమోనని, అడిగినవన్నీ అడగ్గానే చెప్పేశా."