మార్కెట్ పంచాంగ శ్రవణం

2024 జూన్ 3, సోమవారం సెన్సెక్స్ 2,507 పాయింట్లు పెరిగినప్పుడు ‘సెంటిమెంట్ బలపడింది’ అనీ, మర్నాడు లోక్‌సభ ఎన్నికల ఫలితాల వేళ అదే సూచీ 4,389 పాయింట్లు కూలి 72,079 వద్ద ఆగినప్పుడు ‘సెంటిమెంట్ దెబ్బతింది’ అనీ సెలవిచ్చిన విశ్లేషకులు ఈ దేశంలో ఒక నూతన శాస్త్రానికి పునాది వేశారు. సెంటిమెంట్ అనగా కొనేవారి, అమ్మేవారి ఆశాభయాల మొత్తం. ఇంతటి శాస్త్రానికి ఇప్పటివరకు పంచాంగం లేకపోవడం లోపమే కనుక, అయిదు అంగాలతో ఒకదానిని వెలువరించడం తక్షణావసరం.

మొదటిది తిథి. ఒక సూచీని నిర్ణీత ధరకు కొనే హక్కు కాల్ ఆప్షన్, అమ్మే హక్కు పుట్ ఆప్షన్. ఆ హక్కు గడువు తీరే రోజు ఎక్స్‌పైరీ. ఆనాటికి కలిసిరాని ఆప్షన్ విలువ సున్నా అవుతుంది కాబట్టి దానిని అమావాస్యగా గ్రహించాలి. మామూలు పంచాంగంలో నెలకొక్క అమావాస్య ఉండగా, ఇందులో అప్పట్లో సోమవారం మిడ్‌క్యాప్ నిఫ్టీకి, మంగళవారం ఫిన్‌నిఫ్టీకి, బుధవారం బ్యాంక్ నిఫ్టీకి, గురువారం నిఫ్టీకి, శుక్రవారం సెన్సెక్స్‌కు వెరసి వారానికి అయిదు అమావాస్యలు వచ్చేవి. ట్రేడర్ ఇంట వెన్నెల శని, ఆదివారాల్లోనే. దీనితో వారం సంగతీ తేలిపోయింది.

నక్షత్రం ఇండియా విక్స్. రాబోయే 30 రోజుల్లో ఎంతటి ఒడిదుడుకులు ఉండవచ్చునో నిఫ్టీ ఆప్షన్ల ధరల నుంచి లెక్కగట్టే ఈ భయసూచిక, మే నెలంతా పైపైకి పాకి, ఎగ్జిట్ పోల్స్ వెలువడిన తరువాత సోమవారంనాడు, అనగా సరిగ్గా ప్రమాదానికి ముందురోజు, శాంతించి శుభదృష్టి ప్రసాదించింది; మంగళవారం ఒక దశలో 30 దాటింది. యోగం అనేది పుట్‌ల సంఖ్యను కాల్‌ల సంఖ్యతో భాగించగా వచ్చే నిష్పత్తి. అది బాగా పెరిగితే భయమని ఒక సిద్ధాంతి, అదే మార్కెట్‌కు ఆధారమని మరో సిద్ధాంతి చెబుతారు. పండుగ ఏ రోజన్న తగవులాగే ఇదీ ఎన్నటికీ తెగదు. కరణం గురించి అసలు పంచాంగాల్లోనే ఎవరూ అడగరు కనుక వదిలివేయవచ్చు.

నవనాయకుల్లో రాజు విదేశీ సంస్థాగత మదుపరి. సోమవారం సుమారు 6,850 కోట్ల రూపాయల మేర నికరంగా కొని, మంగళవారం 12,400 కోట్లకు పైగా అమ్మిన రాజుగారి మనసు ఎరుగుదుమని చెప్పుకునే ఆస్థాన విద్వాంసులకు టీవీల్లో కొరత లేదు. ఇక ట్రేడర్ రాశికి ఆదాయ వ్యయాలను గణించినది మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీయే: 2021-22లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగంలోని వ్యక్తిగత ట్రేడర్లలో 89 శాతం మంది నష్టపోయారనీ, వారి సగటు నష్టం 1.1 లక్షల రూపాయలనీ 2023 జనవరిలో ప్రకటించింది. రాజపూజ్యం సున్నా, అవమానం ఎంతో ఇంట్లోవారిని అడగాలి.

అయితే ఆ ఏటి పంచాంగ శ్రవణం అందరికన్నా ముందు చేసినవారు సిద్ధాంతులు కారు, సాక్షాత్తు కేంద్ర హోం మంత్రి. పడుతున్న మార్కెట్ గురించి మే నెలలో ఒక టీవీ ముఖాముఖిలో అడిగినప్పుడు, జూన్ 4కు ముందే కొనుక్కోవాలని, ఆ తరువాత పెరుగుతుందని అమిత్ షా సలహా ఇచ్చారు. నమోదు చేయించుకోని కుర్రవాడెవడైనా యూట్యూబ్‌లో షేరు పేరు చెబితే నోటీసు పంపే నియంత్రణ సంస్థకు, టీవీలో ప్రసారమైన ఈ ముహూర్తం మాత్రం వినపడలేదు. ఆ శుక్రవారం సెన్సెక్స్ 76,693 వద్ద రికార్డు స్థాయిలో ముగియగానే అంతా సర్దుకున్నదని సంబరపడినవారు ఒక సంగతి దాచారు. షేర్లు అట్టిపెట్టుకోగలిగినవారికే సర్దుకున్నది. సోమవారం నాటి ఎత్తులో నిఫ్టీ, బ్యాంక్ నిఫ్టీ కాల్‌లు కొన్న చిన్నవాడి డబ్బు బుధ, గురువారాల అమావాస్యల్లోనే పోయింది, అది తిరిగి రాదు. అతని నష్టానికి కారణం సెంటిమెంటట! సెంటిమెంటుకు పాన్ నంబరు లేదు, డీమ్యాట్ ఖాతా లేదు, దానిని పిలిచి ప్రశ్నించడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే నేరమంతా దానిమీద మోపుతున్నారు. పాన్ నంబరు ఉన్నవారి ప్రతి కొనుగోలు, ప్రతి అమ్మకం నిమిషాలతో సహా ఎక్స్ఛేంజీల కంప్యూటర్లలో నమోదై ఉన్నది. సోమవారం ఆ ధరలకు ఎవరు అమ్ముకుని బయటపడ్డారో, ఎవరు చిక్కుకున్నారో సెబీ ముందుగా ఆ జాబితా తెరిచి చెప్పాలి.