సకినాల మీద నడిచినవాడు

గ్రూప్-2 రాసొచ్చిన మర్నాడు మనిషికి ఏం చేయాలో తోచదు. 783 పోస్టులు, నాలుగు పేపర్లు, లెక్కలేనన్ని వాయిదాలు. చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో పరీక్ష అయిపోయింది. రెండేళ్లు సిలబస్‌తో కిక్కిరిసిన బుర్ర ఒక్కసారిగా ఖాళీ అయితే అందులోకి ఏదైనా దూరుతుంది. నా బుర్రలోకి పడవ దూరింది.

ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే తగిలింది. ఇంగ్లండులో ఒకప్పుడు బొగ్గు మోసిన కాలువల మీద ఇప్పుడు సన్నటి ఇనుప పడవల్లో కాపురాలుంటున్నారు. ఏడడుగుల వెడల్పు కూడా ఉండదు, ఎందుకంటే ఆ కాలువల లాకులే అంత ఇరుకు. బయట మంచు, లోపల చిన్న బొగ్గుల పొయ్యి, దాని ముందు ముడుచుకుని పడుకున్న కుక్కపిల్ల. చైతన్యపురిలో నాలుగంతస్తుల పైన నేనుండే రేకుల రూము ఎనిమిది బై పది. ఓనర్లు దాన్ని పెంట్‌హౌస్ అంటారు, కిరాయి కూడా ఆ పేరు మీదే తీసుకుంటారు. వాళ్ల పడవ కంటే నాకు ఒక అడుగు వెడల్పు ఎక్కువే కదా అనుకున్నాను. నా మొత్తం ముందుచూపు అదే.

జనవరి మొదటి వారంలో ఓ రాత్రి దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి నడిచొస్తుంటే, మూసేసిన టిఫిన్ బండి కింద కుంయ్‌మంటూ ఒకటి కనబడింది. పిడికెడుంది. మూడు, నాలుగు వారాల వయసుంటుందేమో. వణుకుతోంది. అటూ ఇటూ చూశాను, తల్లి లేదు. అంటే, నేను చూసిన అర నిమిషంలో లేదు. స్వెట్టర్‌లో దాచుకుని మెట్లెక్కేశాను. దారిలోనే పేరు కూడా పెట్టేశాను: కెప్టెన్. పడవకు కెప్టెన్ ఉండాలిగా.

మొదటి తప్పు పాలు. ప్యాకెట్ పాలు వెచ్చచేసి పోశాను, గటగటా తాగింది. నేను మురిసిపోయాను. కుక్క పాలల్లో కొవ్వూ మాంసకృత్తులూ ఆవుపాల కంటే రెట్టింపు దాకా ఉంటాయి, లాక్టోజ్ తక్కువ ఉంటుంది. అది తెలియకుండా ఆవుపాలు పోస్తే ఏమవుతుందో తెల్లారేసరికి నా చాపకు తెలిసింది. రెండో తప్పు స్నానం. జనవరి పొద్దున, టెర్రస్ మీద, షాంపూతో. గీజర్ లేదు. పిండిన గుడ్డలా అయిపోయిన ఆ ప్రాణిని టవల్‌లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పైన వంద వాట్ల బల్బు వేలాడదీశాను. బొగ్గుల పొయ్యికి నా ప్రత్యామ్నాయం అది. కింద పరచడానికి కాగితాలు కావాల్సొచ్చాయి. తెలంగాణ ఉద్యమం నోట్సు చింపడానికి చేతులు రాలేదు. ఎకానమీ పరిచాను.

అయినా రాత్రంతా ఏడుపే. చలి అనుకుని దుప్పటి మీద దుప్పటి కప్పాను. ఆ వయసు పిల్లలు ఒకదాని మీద ఒకటి కుప్పగా పడుకుంటాయనీ, వాటికి అదే పొయ్యి అనీ నాకు తట్టలేదు. పండుగకు ఎప్పుడొస్తున్నావని సూర్యాపేట నుంచి అమ్మ రోజూ ఫోన్. కుక్కపిల్ల ఉందని చెప్పలేక, ‘కీ’ చూసుకోవాలి, రిజల్ట్ ఎప్పుడైనా రావచ్చు అని ఏదేదో అబద్ధమాడాను. పంటి గాటు ఒకటి బొటనవేలి మీద గీరుకుంటే అదీ ఎవరికీ చెప్పలేదు. రక్తం రాలేదులే అని నాకు నేనే డాక్టర్‌నయ్యాను.

జనవరి 10న ఓనరాంటీ సకినాలకు కూర్చుంది. టెర్రస్ మీద ఎండలో తెల్లటి పాత ధోవతి పరిచి, పక్కింటి ఆడవాళ్లు ముగ్గురితో కలిసి. నువ్వులు, వాము కలిపిన తడి బియ్యప్పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు వేస్తుంటే బట్ట నిండా చక్రాలే. నేను తలుపు సరిగ్గా వేయలేదు. కెప్టెన్ బయటికొచ్చి, తూలుకుంటూ, ఎవరో పిలిచినట్టు నేరుగా ఆ బట్ట మీదికి నడిచాడు. మూడో వరుసలో ఒక సకినం నట్టనడుమ నాలుగు గోళ్ల అచ్చు పడింది. ఇంకో రెండడుగులు వేసి, చోటు చూసుకుని, కూర్చుని పోసేశాడు.

ఆడవాళ్లు ముగ్గురూ పగలబడి నవ్వారు. ఆంటీ నవ్వలేదు. రూము ఖాళీ చేయమంటుందనుకున్నాను. ఆమె పిల్లను మెడపట్టి ఎత్తి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

“ఇది గా టిఫిన్ బండి కాడి కుక్క పిల్ల గాదా బిడ్డా? ఐదు రోజులసంది దాని తల్లి సందంతా ఎతుక్కుంట తిరుగుతుంటే ఏమైందో అనుకున్న. నువ్వు మీద పెట్టుకున్నవా?”

“తల్లి లేదనుకున్నా ఆంటీ.”

“తినడానికి పోదా అది? ఇంకో మూడు పిల్లలున్నయ్ డ్రమ్ము ఎనక. చిత్తకార్తెల కట్టినయ్ చలికే ఈంతయ్.”

చిత్తకార్తె కుక్క అని ఎంతమందిని తిట్టి ఉంటానో. అక్టోబరులో వచ్చే ఆ కార్తెకు కుక్క మోసే అరవై మూడు రోజులు కలిపితే డిసెంబరు చలి వస్తుందని లెక్క వేసిన పాపాన పోలేదు. ఎకానమీలో ఇంతకంటే కష్టమైన లెక్కలు చేశాను.

ఆంటీయే నా వేలు చూసి, ముందు సూది వేయించుకోమంది. వెంటనే వెళ్లి మొదటిది వేయించుకున్నాను. సాయంత్రం పిల్లను తీసుకెళ్లి బండి పక్కన దించాను. తల్లి వచ్చింది. పిల్లను వాసన చూసింది, నా షాంపూ దగ్గర కాసేపు ఆగింది, తర్వాత నాకే పళ్లు చూపించింది. కెప్టెన్ దాని పొట్ట కిందికి దూరాడు. వెనక్కి చూడలేదు.

మర్నాడు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో పండుగ జనంలో రెండు గంటలు నిలబడి సూర్యాపేట బస్సెక్కాను. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది పాతకాలం మాట. ఇప్పుడు సర్కారు దవాఖానలో భుజం చర్మంలోకి కొద్దికొద్దిగా ఇస్తారు, మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. నాకు 3వ రోజు భోగి పడింది. సూర్యాపేటలో వేయించుకున్నాను. అమ్మ వెంట వచ్చింది, అన్నీ చెప్పించుకుంది.

ఫిబ్రవరి 7న ఆఖరి సూదికి వెళ్తే నర్సమ్మ చీటీ చూసి అడిగింది, “కుక్క మంచిగనే ఉందా? బతికే ఉంది కదా?” కరిచిన కుక్క పది రోజులు బాగుందా లేదా అన్నది వాళ్లకు ముఖ్యం.

“ఉందమ్మా,” అన్నాను. “పొద్దున్నే చూసొచ్చిన. టిఫిన్ బండాయనకు తోక ఊపుతున్నది. నన్ను చూసి మొరిగింది.”