ఒరిజినల్ తెచ్చారా?

రేషన్ కార్డులో పేరెక్కించుకోవడానికి మండలాఫీసు చుట్టూ తిరిగిన మనిషి ప్రపంచంలో ఏ కంపెనీకీ బెదరడు. ఈ సంగతి నాకు ఇంగ్లండులో, స్లౌలోని అక్కావాళ్ళింట్లో ఉన్న రోజుల్లో, మా బావ సెల్‌ఫోను కొన్నప్పుడు తెలిసింది.

2000 తర్వాతి మొదటి దశాబ్దం అది. అక్కడ చాలామంది నెట్‌వర్కుతో ఏడాదికో ఏడాదిన్నరకో కాంట్రాక్టు రాసుకుని ఫోను ఉచితంగా తెచ్చుకునేవారు. అది చాలనట్టు మధ్యలో ఉన్న దుకాణంవాడు, మనం కట్టిన దాంట్లో సగానికి పైగా తిరిగిస్తానని ప్రకటించేవాడు. నెలకు 35 పౌండ్ల చొప్పున పన్నెండు నెలలకు 420. అందులో 240 క్యాష్‌బ్యాక్. అంటే మన మీద పడేది నెలకు 15 పౌండ్లే.

"ఫోను ఊరికే ఇచ్చి, పైగా ఎదురు డబ్బులిస్తే వాడి పిల్లలు ఏం తింటారు బావా?" అన్నాను.

"నా మతిమరుపు తింటారు" అన్నాడు బావ.

నిజమే. కొత్త ఖాతాదారుణ్ణి పట్టుకొచ్చినందుకు నెట్‌వర్కు దుకాణానికి కమీషన్ ఇస్తుంది. అందులో కొంత మనకు ఎర వేస్తారు. ఎర తినేలోగా మనం మర్చిపోవాలి. అందుకే షరతులు. ఫలానా నాలుగు నెలల బిల్లులే పంపాలి, పక్క నెలది పంపితే చెల్లదు. బిల్లు తేదీ నుంచి ఇన్ని రోజుల్లోగా చేరాలి. ఇంటర్నెట్‌లో ప్రింటు తీసింది కుదరదు, ఒరిజినలే కావాలి. మధ్యలో ప్లాను మార్చారా, అంతే సంగతులు. ఒక్క గడువు తప్పితే ఆ విడత డబ్బు దుకాణానికే.

ఈ షరతులు రాసినవాడెవడో మా బావ గతం ఎరగడు. గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సంతకం కోసం ఆదివారం పూట ఆయన ఇంటి అరుగు మీద కూర్చున్న మనిషి. క్యూలో కిటికీ దాకా వెళ్ళాక "ఇది జిరాక్సు, ఒరిజినల్ తెచ్చారా?" అనిపించుకుని వెనక్కొచ్చిన మనిషి. ఒరిజినల్ అడిగారంటే ఆయనకు పుట్టింటికి వెళ్ళినంత సంబరం.

కొన్నరోజే షరతుల పేజీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టాడు, రేపు వాడు మాట మారిస్తే చూపడానికి. ఊరినుంచి తెప్పించిన తెలుగు క్యాలెండరులో ఏకాదశి పక్కన "ఏడో బిల్లు" అని రాసుకున్నాడు. ప్రతి కాగితానికీ జిరాక్సు తన దగ్గర ఉంచుకుని, ఒరిజినల్‌ని సంతకం తీసుకుని ఇచ్చే పోస్టులో పంపేవాడు. వర్జ్యం లేని వేళ చూసి మరీ. ఓసారి "మీ కవరు అందలేదు" అని జవాబొచ్చింది. అందుకున్న మనిషి సంతకం, తేదీ, వేళతో సహా వెనక్కి పంపాడు. చెక్కు వచ్చింది.

అయితే ఈ చదువుకు అందని పాఠం ఒకటుంది. పక్కవీధి కుర్రాడొకడు బావ శిష్యరికంలో అన్నీ సక్రమంగా పంపాడు. ఫైలుంది, రసీదుంది, దుకాణమే లేదు. ఆ రోజుల్లో అలాంటివి చాలానే మూతపడ్డాయి. కొన్ని, కొత్తవాళ్ళ మీద వచ్చిన కమీషన్‌తో పాతవాళ్ళకు చెక్కులిచ్చేవి. కొత్తవాళ్ళు తగ్గగానే కథ ముగిసేది. కాంట్రాక్టు నెట్‌వర్కుతో గనక కుర్రాడి ఖాతాలోంచి నెలకు 35 పౌండ్లూ ఠంచనుగా పోతూనే ఉన్నాయి.

బావ చాలాసేపు ఆలోచించి అన్నాడు: "తహసీల్దారు బదిలీ అయిపోతాడు గానీ ఆఫీసు పారిపోదు బామ్మర్దీ. ఇక్కడ ఆఫీసే పారిపోతోంది."

ఫిర్యాదులు పెరిగి, 2009లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిబంధనలు తెచ్చింది. క్యాష్‌బ్యాక్ షరతులు స్పష్టంగా రాసివ్వాలి, అన్యాయంగా ఉండకూడదు, అమ్మేవాడి మంచిచెడ్డలు నెట్‌వర్కు ముందే చూసుకోవాలి అని. అలాగని పెద్ద బోర్డు చూసి నిశ్చింతగా ఉండలేం. అయిదువందలకు పైగా దుకాణాలున్న ఫోన్స్ ఫోర్ యూ కూడా 2014 సెప్టెంబరులో మూతపడింది.

అప్పటినుంచి బావ సిద్ధాంతాలు మూడు. ఒకటి, అడక్కుండానే ఖాతాలో పడే క్యాష్‌బ్యాక్ మధ్యమం, అడిగి తెచ్చుకునేది అధమం, బిల్లే తగ్గించి ఇచ్చేది ఉత్తమం. రెండు, క్యాష్‌బ్యాక్ ఒక్క పైసా రాదనుకుని లెక్క వెయ్యాలి. అప్పుడూ ఆ ధర కట్టగలిగితేనే సంతకం. ఆన్‌లైన్లో కొంటే మనసు మార్చుకోవడానికి అక్కడి చట్టం 14 రోజులిస్తుంది, ఆ లెక్క ఆలోపు వేసుకోవాలి. మూడు, పిల్లనిచ్చే ముందు వాకబు చేసినట్టు, క్యాష్‌బ్యాక్ ఇచ్చేవాడి పుట్టుపూర్వోత్తరాలు, అక్కడ కంపెనీలను నమోదు చేసే కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్లో చూడాలి. ఏ ఏడు పుట్టింది, లెక్కలు సమర్పించిందా లేదా, అంతా ఊరికే చూపిస్తారు.

తణుకులో ఉన్న మా పెద్దమ్మకు మాత్రం ఇవేవీ చెప్పకుండా ఒకే ముక్క చెప్పాడు. "క్యాష్‌బ్యాక్ వచ్చింది, యూపీఐ పిన్ కొట్టండి" అని ఎవడైనా అంటే ఫోను పెట్టెయ్యమన్నాడు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికి. పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదు.

మొన్న మేనకోడలు కొత్త కనెక్షన్ తీసుకుంది. బావ కళ్ళజోడు సవరించుకుని, పాత ఫైలు దుమ్ము దులిపి, "క్లెయిమ్ ఏ నెలలో?" అన్నాడు.

"క్లెయిమేం లేదు నాన్నా. ధరే తక్కువ."

"షరతులు?"

"ఏం లేవు. వద్దనుకుంటే నెల ముందు చెబితే చాలు."

బావకు ఆ కంపెనీ మీద అనుమానం ఇంకా తీరలేదు.